ఎవరు తాగినాక?

మా ఆసుపత్రిలో నేను చేసిన పనికి ఈ ఏడు ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఇద్దరూ హైదరాబాదులో స్పానిష్ చదివినవాళ్ళు. నాకంటే వాళ్ళ స్పానిష్ బాగుంటుంది, ఆ మాట దాచను. చేరేముందు నన్ను చూడడానికి ఇంటికి వచ్చి, "ఆంటీ, ఈ పనిలో బాగా కష్టమైంది ఏంటి? జబ్బుల పేర్లా?" అని అడిగారు.

జబ్బుల పేర్లు పుస్తకంలో ఉంటాయి. ఏ పని ఎవరు చేశారో తెలుసుకోవడం కష్టం అన్నాను. ఏడో తరగతి వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ గుర్తొచ్చాయి కాబోలు, మర్యాదగా నవ్వి ఊరుకున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక, అలా ఒక్క ముక్కలో చెప్పి పంపడం సరికాదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఎప్పుడు పర్మనెంట్ అయ్యాను, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది, అవన్నీ వదిలేస్తున్నాను. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

పని ఏమిటంటే ఇది. మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య, రోడ్డు పక్కన, స్పెయిన్ నుంచి వచ్చిన సిస్టర్లు కట్టిన చిన్న ఆసుపత్రి. డాక్టర్లు కూడా అక్కడి నుంచే వంతులవారీగా వచ్చి ఆరు నెలలో, ఏడాదో ఉండి పోయేవారు. వాళ్ళకు తెలుగు రాదు. చాలామందికి ఇంగ్లీషు కూడా అంతంత మాత్రం. కొనకనమిట్ల పల్లెల నుంచి, గిద్దలూరు అవతల అడవి అంచు నుంచి, దూరమైనా పామూరు నుంచి కూడా జనం వచ్చేవారు. డాక్టరుకూ రోగికీ మధ్య ఒక స్టూలు. ఆ స్టూలు మీద నేను.

వంటగదిలో పాఠం

మాది గిద్దలూరు. మా నాయనకు స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు ఉండేది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే తెలుగు. మార్కాపురంలో డిగ్రీ చదివాను. ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి కావాలని ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారంటే వెళ్ళాను. అక్కడ పెద్ద సిస్టర్ పేరు పిలార్. పొట్టి మనిషి, నడిచినా పరుగెత్తినట్టే ఉండేది. నాతో రెండు మాటలు ఇంగ్లీషులో మాట్లాడి, "నాకూ ఇది సరిగా రాదు, మా డాక్టర్లకూ రాదు. నువ్వే మా భాష నేర్చుకో, నసీమా. త్వరగా అయిపోతుంది" అంది.

పాఠాలు వంటగదిలో జరిగేవి. ఇద్దరం కందిపప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చునేవాళ్ళం. గోడకు ఆనించి ఒక మార్కాపురం పలక పెట్టుకునేది సిస్టర్. మాట చెప్పి రాయించేది, తప్పైతే కొంగుతో తుడిచేసేది.

ఒకరోజు "నేను వచ్చేముందు" అని రాయాల్సి వచ్చింది. నేను "నా రావడం" అన్న అర్థం వచ్చేలా రాశాను. ఉర్దూలో అలాగే అంటాం కదా, మేరే ఆనే సే పైలే అని. ఇంగ్లీషులో కూడా అదే పద్ధతి చదివాను. సిస్టర్ తుడిచేసి, "ఆంతెస్ దె వెనీర్ యో" అని రాసింది. ఆంతెస్ దె అంటే ముందు, వెనీర్ అంటే రావడం, యో అంటే నేను.

నాకు ఆశ్చర్యం వేసింది. వెనీర్ అన్న మాటకు కాలం లేదు, నేనని, నువ్వని, వాడని తేడా లేదు. ఊరికే రావడం, అంతే. దాని పక్కన "నా" అని కాక, "నేను" అని పూర్తి రూపంలో ఎలా నిలబడింది? అదే అడిగాను.

"మీ తెలుగులో ఏమంటారు?" అంది సిస్టర్.

"నేను వచ్చేముందు."

"నువ్వు అయితే?"

"నువ్వు వచ్చేముందు."

"వచ్చేముందు అన్నది మారలేదు కదా! అయినా మీ నేను హాయిగానే కూర్చుంది. మా యో కూడా అలాగే కూర్చుంది. ఇంత దగ్గరి దారి ఇంట్లో పెట్టుకుని ఉర్దూ మీదుగా చుట్టూ తిరుగుతావేం?"

ఆ నెలంతా నాకు అదే ధ్యాస. బస్సులో పక్కవాళ్ళ మాటలు వింటూ లోలోపల స్పానిష్‌లోకి మార్చుకునేదాన్ని. రైలు వచ్చేసరికి. ఆల్ యెగార్ ఎల్ త్రెన్. ఆఖరి మాట త్రెన్ అంటే రైలు. చేసేవాణ్ణి మనం ముందు పెడతాం, వాళ్ళు పనికి వెనక పెడతారు, అంతే తేడా. ఏడు సముద్రాల అవతలి భాష మా సైకిల్ షాపు ముందు మాట్లాడుకునే మాటకు ఇంత దగ్గరగా ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇంకో సంగతి కూడా అప్పుడే పట్టుబడింది. దొర్మీర్ అంటే నిద్రపోవడం, నిద్రపుచ్చడం కూడా. "ఆంతెస్ దె దొర్మీర్ లా మాద్రె" అంటే తల్లి నిద్రపోయేముందు. మధ్యలో చిన్న "ఆ" చేర్చి "దొర్మీర్ ఆ లా మాద్రె" అంటే తల్లిని నిద్రపుచ్చేముందు, ఆసుపత్రి భాషలో తల్లికి మత్తు ఇచ్చేముందు. ఆ "ఆ" మన "ని" లాంటిది. తల్లి, తల్లిని. ఈ రెండు భాషలూ నా కోసమే జత కుదిరాయని అప్పట్లో గర్వపడ్డాను.

నడిచిన భర్త

స్పానిష్ డాక్టర్లు రోగి కాగితం మీద సలహాలు రాసేటప్పుడు ఎవరు చేయాలో రాయరు. నడవడం, నీళ్ళు తాగడం, బరువు ఎత్తకపోవడం. ఇంతే రాస్తారు. నేను వాటిని నడవాలి, తాగాలి అని చెప్పేదాన్ని. తెలుగులో కూడా అక్కడ మనిషి అక్కర్లేదు. మన గోడల మీద ఉమ్మరాదు అని రాస్తాం, ఎవరు ఉమ్మరాదో రాస్తామా?

పామూరు వైపు నుంచి ఒక గర్భిణి భర్తతో వచ్చింది. ఆమెకు షుగర్ ఉంది. ప్రశ్నలన్నీ భర్తే అడుగుతున్నాడు కాబట్టి నేను అతని వైపే చూసి, "రోజూ అరగంట నడవాలి" అన్నాను. నెల తర్వాత వచ్చారు. షుగర్ ఏమీ తగ్గలేదు.

"నడవమన్నాం కదా, నడవలేదా?" అన్నాను.

"ఒక్క రోజు గూడా మానలేదమ్మా. పొద్దన్నే లేచి రోడ్డెంబడి పోయి వస్తా ఉన్నా" అన్నాడు భర్త.

"నువ్వు కాదు నాయనా, ఆమె!"

"ఆమె ఎట్ల నడుస్తాది, కడుపుతో ఉంటే? నువ్వు నన్ను చూసే చెప్పినావు గదా. ఏదో ఉంటాదిలే, పెద్ద డాక్టరు చెప్పినాడు అని నేనే నడిచినా."

మనిషి నిజంగానే చిక్కాడు. డాక్టరుకు చెబితే కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఏడాదంతా వచ్చినవాళ్ళకల్లా ఆ కథ చెప్పాను. నవ్వు తెప్పించింది కాబట్టి అది నా తప్పు అని నాకు తోచలేదు. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే తర్వాతది జరిగేది కాదు.

రూతు, మార్తమ్మ

ఇది నేను చేరిన ఆరేడేళ్ళకు జరిగింది. అప్పటికి నాకు చేయి తిరిగింది. రోగి నోట్లో మాట ఉండగానే డాక్టరు చెవిలో స్పానిష్ పడేది. సిస్టర్ పిలార్ కొత్త డాక్టర్లకు నన్ను చూపించి, "ఈమె ఉంటే మధ్యలో మనిషి ఉన్నట్టే తెలియదు" అనేది. అది పొగడ్త అనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున కొనకనమిట్ల అవతలి పల్లె నుంచి ఇద్దరు ఆడవాళ్ళు మూడు వారాల పసిబిడ్డను తెచ్చారు. తల్లి రూతుకు పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. కూడా వచ్చింది అత్త మార్తమ్మ, కూలి పనికి పోయే మనిషి. పాప కళ్ళు తెరవడం లేదు. గిల్లితే ముఖం చిట్లించి మళ్ళీ వాలిపోతోంది. శ్వాస చాలా మెల్లగా ఉంది. ఆ ఏడు ఉన్న డాక్టరు పేరు రమోన్. వచ్చి నెల కూడా కాలేదు.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

రూతు ఏడుస్తూనే చెప్పింది. "రేత్రి దగ్గు మందు తాగినాక పాలు తాగింది. అప్పటి నుంచి ఇంతే, లేవదు."

నేను చెప్పేశాను. దెస్‌పుయెస్ దె తొమార్ ఎల్ హరాబె, దగ్గు మందు తాగిన తర్వాత, పాలు తాగింది, అప్పటి నుంచి లేవడం లేదు. తెలుగులో వాక్యం ఎలా ఉందో స్పానిష్‌లో అచ్చం అలాగే దిగింది. ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. పని చేసిన మనిషిని చెప్పకుండా వదిలేస్తే, పక్క వాక్యంలో ఉన్న మనిషే ఇక్కడ కూడా అని రెండు భాషల్లోనూ అనుకుంటాం. పాలు తాగింది పాప. కాబట్టి మందు తాగింది కూడా పాపే.

డాక్టరు ముఖం మారిపోయింది. "ఇంత పసిబిడ్డకు దగ్గు మందా? ఎవరిచ్చారు?"

"ఎవరిచ్చినారమ్మా మందు?" అన్నాను.

"మా అత్తే తెచ్చి ఇచ్చింది, దుకాణంలో" అంది రూతు.

అదీ చెప్పాను. ఎవరికి ఇచ్చిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సీసా తెప్పించమని, బిడ్డకు ఇంక ఏ మందూ పోయవద్దని డాక్టరు చెప్పమన్నాడు. చెప్పాను. ఇద్దరూ తల ఊపారు. పోయనివాళ్ళు పోయవద్దంటే తల ఊపరా మరి!

ఆ రోజు పాపకు పాలు ఆపి సెలైన్ పెట్టారు. మర్నాటికి కళ్ళు తెరిచింది, ఏడ్చింది. వార్డంతా సంతోషించాం. పాలు ఇవ్వవచ్చన్నాడు డాక్టరు. పొద్దున మార్తమ్మ ఊరి నుంచి అన్నం క్యారియరుతో వచ్చి, కోడలి పక్కన కాసేపు కూర్చుని వరండాలోకి వెళ్ళింది. పదకొండు గంటలకల్లా పాప మళ్ళీ వాలిపోయింది. ఈసారి పెదవులు కూడా కాస్త నల్లబడ్డాయి. సిస్టర్ పిలార్ మంచం వెతికితే దిండు కింద దగ్గు మందు సీసా దొరికింది. సగం ఖాళీ.

సిస్టర్ చాలా మంచి గురువు. కానీ ఎవరు చెడ్డవాళ్ళో ఒక్క చూపులో తేల్చేసే అలవాటు ఆమెకు ఉండేది, ఒకసారి తేల్చాక మార్చుకునేది కాదు. "ఆడపిల్ల పుట్టిందని ఆ ముసలామే నిద్రపుచ్చి చంపాలని చూస్తోంది" అంది. డాక్టరు పోలీసులకు చెప్పాలన్నాడు. ముందు ఆమెను వార్డులోకి రానివ్వొద్దన్నారు.

ఆ మాట చెప్పాల్సింది నేను. వరండాలో ఉన్న మార్తమ్మ దగ్గరకు వెళ్ళి, "పెద్దమ్మా, డాక్టరు గారు నిన్ను కాసేపు గేటు కాడ ఉండమంటున్నారు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. పెద్దామె మనసు నొప్పించడం ఎందుకని మెత్తగా చెప్పాననుకున్నాను. ఆమె మీద ఉన్న నేరం ఏమిటో ఆమెకు చెప్పకుండా, ఆమె నోరు నేనే మూశాను. అమ్మాయిలూ, ఇది మొదటి తప్పు కంటే పెద్ద తప్పు. మెత్తగా చెప్పే హక్కు మనకు లేదు. డాక్టరు కోపంగా అంటే కోపంగానే చెప్పాలి, అప్పుడే ఎదుటి మనిషికి జవాబు చెప్పుకునే వీలుంటుంది.

అరగంటకు నేను గేటు వైపు వెళితే మార్తమ్మే పిలిచింది. వార్డు ఊడ్చే ఆమె ద్వారా సంగతి తెలిసిపోయినట్టుంది. ఏడవడం లేదు. ముఖం రాయిలా ఉంది.

"అమ్మా, ఒక మాట చెప్పు. నేను బిడ్డకు మందు పోసినానని నా కోడలు చెప్పిందా?"

"పోసినావని చెప్పలేదు పెద్దమ్మా. దగ్గు మందు తాగినాక పాలు తాగింది అని చెప్పింది."

"ఔ. తాగింది."

"బిడ్డకు అట్ల మందు పోయొచ్చా మరి?"

"బిడ్డకేందమ్మా? బిడ్డకు దగ్గెక్కడుంది? దగ్గు రూతుకు గదా! పచ్చి బాలింత, దగ్గి దగ్గి కుట్లు నొస్తా ఉన్నాయంటే నేనే దుకాణంలో తెచ్చిచ్చినా. డాక్టరు సీసా తెమ్మన్నాడంటివి, పొద్దన తెచ్చి దాని చేతికే ఇచ్చినా. ఏంది, బిడ్డకు అంటావేంది?"

నేను అక్కడి నుంచి ఎలా పరుగెత్తానో తెలియదు. వార్డులోకి పోయి రూతు భుజం పట్టుకున్నాను. "రూతమ్మా, మందు ఎవరు తాగినాక? ఎవరు?"

ఆమె బెదిరిపోయి, "నేనే అక్కా. పొద్దన గూడా రెండు మూతలు తాగినా. తప్పా?" అంది.

డాక్టరు రమోన్ పక్కనే ఉన్నాడు. "దెస్‌పుయెస్ దె తొమార్ ఎల్లా" అన్నాను. ఎల్లా అంటే ఆమె. ఆమె తాగిన తర్వాత. వేలు పెట్టి తల్లిని చూపించాను. అతను సీసా మీద సన్న అక్షరాలు చదివి కళ్ళు మూసుకున్నాడు. అలాంటి కొన్ని దగ్గు మందుల్లో మత్తు ఉంటుంది, అది తల్లి పాలలోకి దిగుతుంది. తల్లి మందు తాగినప్పుడల్లా పాప ఆ మత్తు తాగుతోంది. మేం బిడ్డను కాపాడుతున్నామనుకుంటూ, తల్లికి మాత్రం మందు ఆపమని ఎవరమూ చెప్పలేదు.

ఆ రోజంతా పాపకు ఆక్సిజన్ పెట్టారు. తల్లి పాలు ఆపి డబ్బా పాలు పట్టారు. మర్నాటి మధ్యాహ్నానికి పాప వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది.

సిస్టర్ పిలార్ నన్ను తిట్టలేదు. "ఎందుకు అడగలేదు?" అని మాత్రం అంది.

"వాక్యం సరిగ్గా కుదిరింది సిస్టర్" అన్నాను. అదే నిజం. నాకు ఎంతో ఇష్టమైన పోలికే నన్ను పడేసింది. రెండు భాషల్లోనూ ఒకే చోట ఖాళీ ఉంది, అక్కడి నుంచి తీసి ఇక్కడ పెట్టేశాను. ఖాళీలో ఎవరున్నారో చూడలేదు. ఒక్క "నేను" రూతు నోట వచ్చి ఉంటే, లేదా నేను అడిగి ఉంటే, పాప రెండోసారి వాలిపోయేది కాదు.

అప్పటి నుంచి ఎవరు ఏం చెప్పినా, "ఎవరు తిన్నాక? ఎవరు పడుకున్నాక?" అని అడగడం మొదలుపెట్టాను. అన్నం తిని వాంతులైనాయి అంటే కూడా ఎవరు తిని, ఎవరికి అయినాయి అనేదాన్ని. కొందరు విసుక్కునేవారు. ఆసుపత్రిలో నాకు ఎవరక్క అని పేరు పడింది. ఇప్పుడు ఫోన్లే అనువాదం చేస్తున్నాయి కదా, మొన్న నా ఫోనుకు రూతు వాక్యం చెప్పి చూశాను. చక్కగా, ఎక్కడా తడబడకుండా, నేను చేసిన తప్పే చేసింది.

ఆదివారం

పాప బాగైంది. మార్తమ్మ సంగతి మిగిలింది.

డాక్టరు ఆమెను లోపలికి పిలిచి, నిలబడి క్షమించమన్నాడు. నేను తెలుగులో చెప్పాను. సిస్టర్ కూడా చేతులు పట్టుకుని అడిగింది. అదీ చెప్పాను. తర్వాత నా మాటగా, "తప్పు వాళ్ళది కాదు పెద్దమ్మా, నేనే తప్పుగా చెప్పినా" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "ఇక్కడ చెప్తే ఏం లాభమమ్మా? మా ఊరాడోళ్ళు ఇద్దరు నిన్న వచ్చి చూసి పోయినారు. మార్తమ్మ మనమరాలికి నిద్రమందు పోసిందని పల్లె అంతా పాకింది. రేపు నేను ఏ ఇంట్ల బిడ్డను ఎత్తుకోవాల?" అంది.

పల్లెకు వెళ్ళి చెబుతానని సిస్టర్‌తో అంటే, ఆసుపత్రికి చెడ్డపేరు వస్తుందని ముందు వద్దంది. ఒక పూట ఆలోచించి, "వెళ్ళు" అంది. "మా తప్పు కూడా చెప్పు."

ఆదివారం మార్కాపురం మీదుగా బస్సు మారి వెళ్ళాను. అందరూ ఒకచోట దొరికేది ఆరాధనలోనే. చర్చి వెనక చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని ఒక మూల నిలబడ్డాను. ముస్లిం ఆడమనిషి ఎందుకొచ్చిందా అని వెనక్కి తిరిగి చూశారు. ప్రార్థన అయ్యాక వాళ్ళ పాస్టరు అయ్యగారికి సంగతి చెప్పాను. ఆయన విని, "ఇక్కడికి వచ్చి మీరే చెప్పండమ్మా" అని ముందుకు పిలిచారు.

ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ మాటలే మాట్లాడిన దాన్ని. నా మాటగా పదిమంది ముందు నోరు విప్పడం అదే మొదటిసారి.

"రూతుకు దగ్గు వచ్చింది. మార్తమ్మ మందు తెచ్చి రూతుకు ఇచ్చింది. రూతు తాగింది. ఆ మందు పాలలోకి దిగి బిడ్డకు మత్తు వచ్చింది. మార్తమ్మ బిడ్డకు ఏమీ పోయలేదు. రూతు చెప్పిన మాటను డాక్టరుకు తప్పుగా చెప్పింది నేను. విచారించకుండా మార్తమ్మను గేటు బయట కూర్చోబెట్టింది మా ఆసుపత్రి."

ఆడవాళ్ళ వరసలో ఒకామె దిగ్గున లేచి, రూతు ఒడిలోని పాపను తీసి, తీసుకెళ్ళి మార్తమ్మ చేతుల్లో పెట్టింది. మార్తమ్మ పాపను గుండెలకు అదుముకుని, అప్పుడు ఏడ్చింది. అన్ని రోజులూ ఆమె ఏడవగా నేను చూడలేదు.

తిరిగి వస్తుంటే బస్సు దాకా నాతో నడిచింది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కుతుంటే చేయి పట్టి ఆపింది.

"నెలకు సూది ఏయించాల గదా పాపకు. మేం వచ్చినప్పుడు ఆ స్టూలు మీద నువ్వే కూచో. ఇంకొకరొద్దు" అంది.